అమ్మ అన్న ఆఖరి మాట

నాన్నకు,

ఆదివారం అమ్మ జ్ఞాపకార్థ కూడికలో ఆమె ఆఖరి ఘడియల గురించి నన్ను సాక్ష్యం చెప్పమని కబురు పెట్టావు. నేను రాను. ఎందుకు రానో ఫోన్లో చెబితే నువ్వు వెంటనే ప్రార్థన మొదలుపెడతావు, నేను మధ్యలో ఆపలేను. అందుకే ఉత్తరం.

చిన్నప్పుడు భోజనాలయ్యాక నువ్వు సువార్త చదివి, నాచేత తిరిగి చెప్పించేవాడివి. ఒక్క మాట తేడా వచ్చినా మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిందే. ఆ అలవాటే నా కొంప ముంచింది. సిలువ మీద యేసు ఆఖరుగా ఏమన్నాడని అడిగాను, గుర్తుందా? మార్కు సువార్తలో నన్నెందుకు వదిలేశావని కేకపెట్టి దేవుణ్ణి అడుగుతాడు. లూకాలో తండ్రి చేతికి తన ఆత్మను అప్పగిస్తాడు. యోహానులో అంతా అయిపోయిందంటాడు. ఏది నిజం నాన్నా అంటే నువ్వు నవ్వి, "నలుగురు నాలుగు వైపుల నుంచి విన్నారే, ప్రశ్నల పుట్టా!" అన్నావు. శిష్యులు పారిపోయారని కూడా అందులోనే ఉంది కదా, మరి దగ్గరుండి విన్నదెవరు అంటే మాత్రం, "ఇక చాల్లే, నీళ్లు తాగి పడుకో" అన్నావు.

అమ్మ పోయినప్పుడు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. నువ్వు చర్చిలో ప్రార్థన చేస్తున్నావన్నారు. సమాధి దగ్గర నిలబడి, "తండ్రీ, నీ దగ్గరికి వస్తున్నాను అంటూ నిద్రపోయింది" అని నిండు జనం ముందు చెప్పావు. పిన్ని చెప్పేదాంట్లో అయితే గదిలోకి పరలోకపు వెలుగు కూడా వచ్చేసింది. అక్కడ వెలిగింది ట్యూబులైటు, అదీ కొట్టుకుంటూ. అమ్మ నా మణికట్టు పట్టుకుని, "ఇన్నేళ్లు నమ్మాను, ఆయన నన్నెందుకు వదిలేశాడే?" అంది. ఆ తర్వాత ఒక్క మాట కూడా లేదు. తెరుచుకున్న నోరు నేనే మూశాను.

సువార్తల్లో తేడాలుంటే నాకేం పోయిందిలే అనుకునేదాన్ని. అవి ఎలా పుడతాయో ఇప్పుడు కళ్లారా చూశాను. యేసు తిరిగి లేచాక ఆ ఖాళీ సమాధి దగ్గర కనిపించిన దూత ఒక్కడా, ఇద్దరా అన్నది కూడా నలుగురికీ కలవదు. అసలు ఆ ఖాళీ సమాధి సంగతే ఇలా పుట్టి ఉంటే, అమ్మ ఇంకెక్కడా లేదు నాన్నా. నాకు చాలా భయంగా ఉంది.

నీ ప్రశ్నల పుట్ట

*

తల్లీ,

నీ ఉత్తరం చదివి ప్రార్థన చేయబోయాను. మానేసి ఇది రాస్తున్నాను.

నేను చర్చిలో లేను. ఆ గది తలుపు బయటే ఉన్నాను. లోపలికి వస్తే మీ అమ్మ నన్ను అదే అడుగుతుందని తెలుసు. మంచం పట్టిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉంది. ఎవరింట్లో చావు జరిగినా వెళ్లి ధైర్యం చెప్పినవాణ్ణి, ఆమె దగ్గర మాత్రం నోరు పెగల్లేదు. ఆమె నీతో అన్నది విన్నాను. సమాధి దగ్గర అలా చెబుతానని నేనూ అనుకోలేదు. అందరూ నా మొహంలోకి చూస్తుంటే వచ్చేసింది. నలుగురికి చెప్పేసరికి నిజంగానే విన్నట్టు అనిపించింది. ఇప్పుడు అదీ లేదు.

కూడికకు రాకపోయినా ఏమీ అనుకోను. ఒక్కటే అడుగుతాను. ఆ మాట వినగానే నేను తలుపు దగ్గర్నుంచి వెళ్లిపోయాను. తర్వాత ఆమె ఇంకేమైనా అందా? నువ్వు మరిచిపోయి ఉంటావు. బాగా గుర్తు తెచ్చుకుని రాయి.

నాన్న

*

నాన్నా,

అవును, మరిచిపోయాను. తర్వాత అమ్మ కాసేపు కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచి, "మీ నాన్న తలుపు దగ్గరే ఉన్నారా?" అంది. ఉన్నారన్నాను. "అయితే నాకేం భయం లేదు" అంది. అదే ఆఖరి మాట.

ఆదివారం వచ్చి అందరి ముందూ ఇదే చెబుతాను. నన్ను మళ్లీ మొదటి నుంచి చెప్పమని మాత్రం అడగకు.

నీ కూతురు