నిన్ను చంపింది జ్వరం కాదన్నా

అన్నా,

పోలీసు యాక్షనప్పుడు మిలిట్రీ వెంట దొర మళ్లీ ఊరికొచ్చిన ఏడాది నువ్వు చలిజ్వరంతో పోయావని ఇన్నేళ్లూ అందరికీ చెప్పాను. దొర చెప్పిన మాటే నేనూ నమ్మాను.

నిన్న నా బిడ్డ సుగుణకు మలేరియా వస్తే పాలమూరు దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ దాని కడుపు ఎడమ పక్కన మెల్లగా తడిమి, "బల్ల పెరిగింది తాతా, గదే ప్లీహం" అంది. నీకూ అక్కడే గట్టిగా ఉండేది. జ్వరం పెట్టిన గడ్డ అనుకునేవాళ్లం. ఇదీ ఆ గడ్డేనా అని అడిగాను.

"గడ్డ గాదు. రక్తంల జేరిన మలేరియా పురుగుల్ని పట్టి సంపేది గదే. కొట్లాడి కొట్లాడి ఉబ్బుతది. గాడ దెబ్బ తాకితే పగుల్తది, మనిషి దక్కడు. జర పైలం" అందామె.

నాకు ఒళ్లు మండింది. ఒణుకుతూ వెట్టికి రాలేనన్న నిన్ను, "జరమని నాటకాలాడుతున్నవారా?" అంటూ దొర సరిగ్గా ఆ ఎడమ పక్కనే చెప్పుకాలితో తన్నాడు. పొద్దుగూకకముందే నువ్వు పోయావు. నీ ఒళ్లు ఆ జ్వరంతో కొట్లాడుతూనే ఉందన్నా. అప్పటికింకా ఓడిపోలేదు.

"ఏమైంది బాపూ?" అని సుగుణ అడిగింది.

ఎన్నడూ గొంతెత్తని నేను వార్డంతా వినేటట్టు అరిచాను.

"మీ పెద్దబాపును జరం సంపలేదు బిడ్డా. దొర తన్ని సంపిండు!"

నీ తమ్ముడు