పాస్టరు గారు ఎక్కితే కదలని బండి

సాలేవా, సవాయి దీవి

అపియాలో బండ్లు బాగుచేసే చిరంజీవి ఫెలెతిని తుఆలా పెని దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మా ఊరి ఫోను స్తంభం మాత్రం తుఫానుకు పడుకుని ఇంకా లేవలేదు. అందుకే ఈ ఉత్తరం ఓడరేవుకు పోయే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

ఆక్లండులో ఉన్న మా ఊరివాళ్ళు చందాలేసుకుని పాస్టరు ఇసాయా గారికి కారు పంపారు. గేర్లు దానంతటదే మార్చుకునే రకం. నడిపేది నేను. ముసలితనం దాకా కొబ్బరి లారీ తోలినవాణ్ణి, నాకిదో లెక్కా అనుకున్నాను. తాళం తిప్పితే ఇంజను పలుకుతుంది. గేరు కర్ర మాత్రం 'పి' అక్షరం దగ్గర పాతేసినట్టు ఉంటుంది. ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. పోయిన ఆదివారం ఆయన ఎండలో నడిచి చర్చికి వెళ్ళారు. మాకు తల కొట్టేసినట్టయింది. ఉపాయం చెప్పి పుణ్యం కట్టుకో.

ఇట్లు,
తుఆలా పెని

తా.క. టారో దుంపలు పంపాను. సంచీ తేలిగ్గా ఉంటే రాయి. డ్రైవరు మా బావమరిది.

*

అపియా

పెద్దయ్య తుఆలా పెని గారికి ఫెలెతి నమస్కారాలు.

దుంపలు అందాయి. సంచీ తేలిగ్గానే ఉంది.

ముందు తాళంచెవి గుత్తి చూడండి. దానికి బరువులు వేలాడదీస్తే తాళం దూర్చే చోటు అరిగిపోతుంది. తర్వాత బ్రేకు నొక్కిపట్టి, వెనక ఎర్ర దీపాలు వెలుగుతున్నాయో లేదో ఎవరినైనా చూడమనండి. వెలగకపోతే ఫ్యూజు పోయినట్టు, గేరు కర్ర రాదు. వెలిగితే రావాలి.

ఉంటాను,
ఫెలెతి

తా.క. చూసే మనిషిని బండికి సరిగ్గా వెనక నిలబెట్టకండి. మీది లారీ చెయ్యి.

*

సాలేవా

నాయనా ఫెలెతీ, నీ చేతులు చల్లగా ఉండాలి.

గుత్తికి చర్చి తాళంచెవి, గంట గదిది, ఓ పెద్ద గవ్వ, మా ఆవిడ లుపే వంటింటి బీరువా తాళంచెవి ఉన్నాయి. ఆ ఆఖరిది పోయిందనే లుపే తన చెల్లెలితో మాటలు మానేసింది. ఇప్పుడు నీ దయవల్ల ఇద్దరూ ఒకటయ్యారు. ఇంట్లో నాకే మాట్లాడే సందు లేదు.

దీపాలు వెలిగాయి. కర్ర వెన్నలో చెంచాలా కదిలింది. ఊరంతా ఓ చుట్టు తిరిగొచ్చాను. కానీ ఆదివారం పాస్టరు గారు ఎక్కి, తలుపేసి, ప్రార్థన చేశారు. నేను ఆమెన్ అని తాళం తిప్పి కర్ర లాగాను. రాలేదు. ఆయన దిగితే వచ్చింది. మళ్ళీ ఎక్కితే మళ్ళీ రాలేదు. చర్చి మెట్ల మీద జనమంతా చూస్తున్నారు. ఇదేం చోద్యం?

ఇట్లు,
పెని

తా.క. ఈసారి సంచీ మూతి లుపే కుట్టింది. మా బావమరిదికి కుట్టు విప్పడం వచ్చుగానీ మళ్ళీ వెయ్యడం రాదు.

*

అపియా

పెద్దయ్యకు నమస్కారాలు.

సంచీ కుట్టుతో సహా అందింది, లుపే అమ్మకు కృతజ్ఞతలు చెప్పండి. మీ ఒక్కరికి కదిలి, ఆయన ఎక్కితే కదలకపోతే తేడా ఆయన దగ్గరే ఉంది. ఆయన ఎక్కాక ఏం చేస్తున్నారో కనిపెట్టి రాయండి.

ఫెలెతి

తా.క. పాస్టరు గారు లావు మనిషా? మోకాలు గేరు కర్రకు అడ్డం వస్తోందేమో.

*

సాలేవా

నాయనా, కొంప మునిగింది.

ఊరి పని మీద వచ్చిన ఉత్తరం చర్చి అయ్యాక చదివి వినిపించడం మా ఆనవాయితీ. చదివాను. "తేడా ఆయన దగ్గరే ఉంది" అనగానే గగ్గోలు లేచింది. నీ తా.క. ఎవరి చెవినా పడలేదు. పాస్టరులో ఏదో పాపం ఉంది, పంపించెయ్యాలి అన్నారు చర్చి పెద్దలు, అదే మా డీకన్లు. వచ్చే ఆదివారం తీర్పు. మా పిల్లలందరికీ అక్షరాలు దిద్దించింది ఆయన భార్య. ఆవిడ సామాన్లు సర్దడం మొదలుపెట్టింది.

ఉండబట్టలేక, "ముందు మీరు ఎక్కి చూడండి" అన్నాను. పెద్ద డీకన్ ఎక్కాడు. కదల్లేదు. చెమటలు పట్టి దిగి, పక్కింటివాళ్ళ పంది తన దొడ్లోనే ఉందని ఒప్పుకున్నాడు. రెండో ఆయన ఎక్కాడు. కదల్లేదు. హద్దు రాళ్ళు జరిపింది తనేనన్నాడు. మూడో ఆయన ఎక్కకుండానే ఇంటికి పోయాడు.

అప్పుడు తాగుబోతు సెమీ, ఎవరూ పిలవకుండానే, ఎక్కి కూర్చున్నాడు. బండి ఝామ్మని సముద్రం ఒడ్డు దాకా పోయింది. ఇప్పుడు ఊళ్ళో పుణ్యాత్ముడు వాడొక్కడే. ఇసాయా గారు మాత్రం ఏ తప్పూ ఎరగరు. కాపాడు నాయనా.

పెని

తా.క. సెమీ నాకు నీతులు చెబుతున్నాడు.

*

అపియా

పెద్దయ్యకు, తప్పు మన్నించమని కోరుతూ.

మీ ఉత్తరం పైకి చదువుతుంటే, పక్కన చాప అల్లుతున్న మా అమ్మ చెయ్యి ఆపింది. ఆమెదీ సవాయే. "ఒరేయ్, పాస్టరు పక్కనుంటే ఆ పెద్దాయన కాళ్ళు ఎక్కడుంటాయో అడిగావా?" అంది.

అడగలేదు. పెద్దల ముందు కాళ్ళు చాపకూడదని మీరు సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటున్నారు, అంతేనా? డీకన్ల ముందూ అంతే. సెమీ ముందు మర్యాదేమిటని కాళ్ళు కిందే ఉంచారు. బ్రేకు మీద కాలుంటేనే గేరు కర్ర వదులుతుంది పెద్దయ్యా. కాలు లేకపోతే దేవదూత ఎక్కినా కదలదు.

అమ్మ అల్లిన చాప పంపుతున్నాను. ఒళ్ళో కప్పుకుని కాళ్ళు కిందికి చాపండి.

ఫెలెతి

తా.క. కప్పిన కాలు చాపిన కాలి లెక్కలోకి రాదని అమ్మ మాట.

*

సాలేవా

నాయనా ఫెలెతీ, నిన్ను కన్న తల్లికి దణ్ణం పెడుతున్నాను.

అవును, కాళ్ళు మడుచుకునే కూర్చున్నాను. బండి కదిలాక దించితే అది పని, కదలకముందు దించితే అది పొగరు అనుకున్నాను. లారీలో పక్కన కొబ్బరికాయలే కూర్చునేవి, ఈ చిక్కు రాలేదు.

ఆదివారం తీర్పుకు ముందే చాప కప్పుకున్నాను. పాస్టరు గారు ఎక్కారు. ఆమెన్ అన్నాను, బ్రేకు తొక్కాను, కర్ర వచ్చింది. చర్చి ముందు బండి ఆగేసరికి డీకన్లు వచ్చి తలుపు తీసి క్షమించమన్నారు. పాస్టరు గారి భార్య సర్దిన సామాను మళ్ళీ విప్పింది. నాకు ఏడుపొచ్చింది. నీకెలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు నాయనా.

నీ ఉత్తరం ముందు పాస్టరు గారికి చూపించి, ఊరికి చదవబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "పంది ఇల్లు చేరింది, హద్దు రాళ్ళు వెనక్కి వెళ్ళాయి. ఇంకొన్నాళ్ళు ఆగు పెనీ," అన్నారు. "నేనూ మోకాళ్ళ మీద కూర్చుని నా పాపాలు వెతుక్కున్నాను. దొరికాయి. అవి నీకు చెప్పను."

ఆనవాయితీ తప్పి, ఉత్తరం నా దగ్గరే ఉంచాను.

ఇట్లు,
నీ మేలు మరువని
పెని

తా.క. బండి తన కోసం కదిలిన రోజు నుంచీ సెమీ సీసా ముట్టలేదు. నిన్న తెల్ల చొక్కా వేసుకుని చర్చికి పోదామని ఎక్కాడు. కర్ర రాలేదు. వాడి మొహం పాలిపోయింది. కిందికి చూసుకుంటే, నా కాళ్ళు వాటంతటవే పైకి మడుచుకుని ఉన్నాయి. పాస్టరు గారు కాక ఊళ్ళో వాడొక్కడికే నిజం చెప్పి, చాప కప్పుకున్నాను.