కళ్ళు తెరిచి చేసే ప్రార్థన

ధర్మవరం

అమ్మకు, ప్రభువు కాపుదలలో మేమంతా బాగున్నాం.

ఫోనులో చెబితే ఇద్దరం ఏడుస్తామని కార్డు రాస్తున్నాను. వచ్చే బుధవారం హిందూపురంలో మీ అల్లుడికి కడుపులో గడ్డ తీసే ఆపరేషన్.

ఆ సంగతి తెలిసిన రోజు మగ్గం దగ్గర కూర్చొని పాత పోగులకు కొత్త పోగులు అతుకుతూ, ప్రార్థనలో పడి కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే అంచులో ఎర్రపోగులకు పచ్చపోగులు అతికించి ఉన్నాను. మా అత్త అవన్నీ ఊడదీస్తూ, "కండ్లు మూసుకుంటే పోగు యాడ కనపడతాదే? తెరుచుకొనే అడుగు, దేవునికి ఇనపడతాది" అంది. అప్పటినుంచి పోగు పోగుకూ మీ అల్లుడి కోసం అడుగుతూనే అతుకుతున్నాను. ఇప్పుడు రంగు తప్పడం లేదు.

గాండ్లపెంటలో వాన పడిందా? గొర్రె ఈనిందా? ఉలవలు కొంచెం పంపు. ఆదివారం చర్చిలో ఆయన పేరు చెప్పి ప్రార్థన చేయించు. నాయనకు, అవ్వకు నా వందనాలు.

బుధవారం నువ్వు రా, ఏడవడానికైతే వద్దు. ఆయన్ని లోపలికి తీసుకుపోయేటప్పుడు కూడా నేను కళ్ళు మూసుకోను. వెనక్కి తిరిగి చూస్తే ఆయనకు నా కళ్ళు కనబడాలి.

నీ బిడ్డ
సువార్త