తియూత్ వెళ్లే మూడో గుంపు

తారూదాంత్, ఫిబ్రవరి 3

సైకిలు సంఘం కార్యదర్శి స్కల్లి గారికి సలాం చెప్పి, మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలని కోరుతూ ఇజ్జా రాస్తున్నది.

సైకిళ్లు బాగుచేసే బ్లయీద్ మామ కొట్లో మీ కాగితం చూశాను. ఆదివారం పొద్దున్నే మూడు గుంపులుగా వెళ్తారట. కొత్తవాళ్లు కోటగోడ చుట్టూ, కాస్త వచ్చినవాళ్లు నారింజ తోటల దాకా, బాగా వచ్చినవాళ్లు తియూత్ ఖర్జూరవనం దాకా. నన్ను తియూత్ వెళ్లే గుంపులో వేయగలరా?

తియూత్ నా పుట్టిల్లు. నా పెళ్లయి రెండేళ్లయింది. పండగలకు మాత్రం ఆయనతో, అత్తగారితో, కానుకగా ఇచ్చే చక్కెర దిమ్మలతో బస్సులో వెళ్తాం. అమ్మ నన్ను వంటింట్లోకి రానివ్వదు. ఇప్పుడు నేను చుట్టాన్ని కదా, పరుపు మీద కూర్చోమంటుంది. ఒక్కసారి మునుపటిలా సైకిలు మీద పోయి, దాన్ని గోడకు చేరేసి, నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లాలని ఉంది.

నాకు సైకిలు దేవుడి దయవల్ల ఏదో కొద్దిగా వచ్చు. చదివింది నాలుగో తరగతి, తప్పులుంటే మన్నించండి.

మీ జవాబు కోసం చూసే,
ఇజ్జా

తా.క. ఫోను చేయమని కాగితంలో ఉంది. తెలియని మగవాళ్లతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. రాయడానికైతే గొంతు అక్కర్లేదు.

*

ఫిబ్రవరి 6

ఇజ్జా గారికి, సంఘం తరఫున స్వాగతం.

నేను రాజధాని రబాత్‌లో ముప్పై ఏళ్లు భూములు సర్వే చేసి, పదవీ విరమణ తర్వాత మీ ఊరు చేరినవాణ్ణి. ‘ఏదో కొద్దిగా’ అన్నది కొలత కాదు. దయచేసి వీటికి జవాబులు రాయండి. మీ సైకిలుకు గేర్లెన్ని? ఆగకుండా ఎంత దూరం తొక్కగలరు? అన్నిటికన్నా ఎక్కువ దూరం వెళ్లిన రోజున మీకేమైంది? అందాకా మిమ్మల్ని మొదటి గుంపులో రాసుకున్నాను. తియూత్ దారి ముప్పై కిలోమీటర్లు, పైగా ఎగువ.

మీ క్షేమం కోరే,
అబ్దెల్‌మజీద్ స్కల్లి

తా.క. మొదట్లో పడటం సహజం. మోకాళ్లకు కట్టుకునే మెత్తలు బ్లయీద్ కొట్లో ఉంచాను.

*

ఫిబ్రవరి 8

స్కల్లి గారికి సలాములు. మెత్తలు అందాయి. మా అత్తగారు నమాజు చేసేటప్పుడు కట్టుకుంటున్నారు, మీకు దీవెనలు చెప్పమన్నారు.

గేర్లు లేవు. అది పోయిన మా నాన్న సైకిలు. ఎనిమిదేళ్లప్పుడు సీటు అందక, కడ్డీ కిందుగా కాలు దూర్చి తొక్కేదాన్ని. ముందు చెల్లి, వెనక పచ్చగడ్డి మోపు. ఈ నెలలోనే పొలం దారంతా బాదం చెట్లు పూసేవి. రేకులు మోపు మీద రాలేవి. ఇంటికి చేరాక మేక గడ్డి వదిలేసి పూరేకులు ఏరుకుని తినేది. సంత రోజున అమ్మతో తారూదాంత్ వచ్చేదాన్ని. దూరం ఎప్పుడూ కొలవలేదు. నా గొప్పేమీ లేదు, సైకిలే మమ్మల్ని తీసుకొచ్చేది.

ఎక్కువ దూరం వెళ్లిన రోజున ఏమైందని అడిగారు. ఆకలైంది.

వినయంతో,
ఇజ్జా

తా.క. మొదటి గుంపు కూడా పర్వాలేదు. కాకపోతే అది మా ఇంటి ముందు బయలుదేరి మా ఇంటి ముందే ఆగుతుంది.

*

ఫిబ్రవరి 16

ఇజ్జా గారికి,

సైకిలే తీసుకొచ్చేదని రాశారు కనుక మీరు ఎవరి వెనకో కూర్చుని వచ్చేవారని అనుకున్నాను. అందుకే శనివారం బ్లయీద్‌తో మీకు సైకిలు పడిపోకుండా బిగించే పక్క చక్రాలు పంపాను.

నిన్న ఆదివారం మీరు అవి లేకుండానే వచ్చారు. మందులషాపు జమీలా గారి సైకిలు గొలుసు ఊడితే, ఆవిడను మీ సైకిలు వెనక ఎక్కించుకున్నారు. ఆవిడ సైకిలును ఒక చేత్తో పట్టి నడిపించుకొచ్చారు. గుంపు సగం దూరం పోకముందే మీరు తిరిగొచ్చి మా అందరికీ టీ పెట్టి ఉంచారు. నేను పద్దెనిమిది నెలలుగా నాయకుణ్ణి. టీ చల్లారిపోయాక చేరాను.

మిమ్మల్ని మూడో గుంపులో వేశాను. మార్చి ఒకటిన తియూత్. గుంపును విడిచి పోకూడదన్నది మా నియమం.

గౌరవంతో,
స్కల్లి

తా.క. పక్క చక్రాలు తిరిగి ఇవ్వగలరు.

*

ఫిబ్రవరి 18

స్కల్లి గారికి, చేతులు కళ్లకద్దుకుని సలాం.

మీ మేలు మరవను. గుంపుతోనే ఉంటాను.

సంతోషంతో నిద్రపట్టని,
ఇజ్జా

తా.క. పక్క చక్రాలు అత్తగారి కూరల బండికి ఎక్కాయి. వాటిని మీరే వచ్చి అడిగితే బాగుంటుంది. నాకు ధైర్యం చాలదు.

*

మార్చి 2

ఇజ్జా గారికి సలాములు, ఒక ఫిర్యాదు, ఒక సందేహం.

ఫిర్యాదు: ఖర్జూర చెట్లు కనబడగానే మీరు మాకు కనబడకుండా పోయారు.

సందేహం: అరగంట తర్వాత మేం పదకొండుమందిమి రొప్పుతూ మీ అమ్మగారి గుమ్మం చేరేసరికి మీ మేనమామ, ఊరి పెద్దలు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కరూ నవ్వలేదు. మమ్మల్ని కూర్చోబెట్టారు.

“ఆడపిల్లను ఇంత దూరం ఒంటరిగా రానిస్తారా?” అన్నారు మేనమామ గారు. నాయకుణ్ణి కనుక తప్పు నాదేనన్నాను.

“పిల్లకి కడుపునిండా పెడుతున్నారా?”

పది కిలోమీటర్లకోసారి రెండు ఖర్జూరాలు ఇస్తున్నామన్నాను. లోపల ఆడవాళ్లు గొల్లుమని ఏడ్చారు.

“కాస్త కూర్చోనిస్తారా?”

మధ్యలో పది నిమిషాలు అన్నాను. ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు.

“ఇక నుంచి నెలకోసారి తల్లి దగ్గరికి తీసుకొస్తారా, లేదా? ఏదో ఒకటి తేల్చండి.”

దారి బాగుంది, తప్పకుండా తీసుకొస్తానన్నాను. వెంటనే అందరూ చేతులు చాచి ఫాతిహా ప్రార్థన చదివారు. తర్వాత వేట మాంసం వడ్డించారు. ఇంత మర్యాద ఏ ఊళ్లోనూ ఎరగను. కానీ నేను దేనికి ఒప్పుకున్నానో దయచేసి తెలపండి.

అయోమయంలో ఉన్న,
స్కల్లి

తా.క. వచ్చేటప్పుడు మీ మేనమామ నా చెయ్యి పట్టుకుని, “ఆ కుర్రాడికి గట్టిగా బుద్ధి చెప్పండి” అన్నారు. ఏ కుర్రాడు? మా గుంపులో అందరికన్నా చిన్నవాడికి యాభై నాలుగేళ్లు.

*

మార్చి 5

స్కల్లి గారికి, ముఖం చూపలేక ఉత్తరం వెనక దాక్కుని ఇజ్జా రాస్తున్నది.

మా వైపు మొగుడితో గొడవపడిన పిల్ల చెప్పాపెట్టకుండా ఒక్కతే పుట్టింటికి వచ్చేస్తుంది. ఆ వెనకే అతని తరఫు పెద్దలు వచ్చి, తప్పు ఒప్పుకుని, మాట ఇచ్చి, పిల్లను తీసుకుపోతారు. మాట మీద ఫాతిహా చదివితే ఇక దానికి తిరుగులేదు. మొన్న ఆ పెద్దలు మీరే అయ్యారు.

నేను అబద్ధమాడలేదు. సైకిలు గోడకు చేరేసి వంటింట్లోకి నడిచాను. అమ్మ బార్లీ రొట్టెలు కాలుస్తోంది. పరుపు మీద కూర్చోమనడానికి తనకు తీరికే దొరకలేదు. పొయ్యి ముందు పీట మీద కూర్చున్నాను. అదే పొగ, అంచు కాలిన అదే మసిగుడ్డ. ఏడుపొచ్చేసింది. “ఏం చేశాడే వాడు?” అంది అమ్మ. నా గొంతు సంగతి మీకు తెలుసు. అది పెగిలేలోగా మామయ్యకి కబురు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి ఆయనతో అంతా చెప్పాను. ఆయన పడిపడి నవ్వారు. అంతలో ఆగి, “అయితే నేను నీకు రెండేసి ఖర్జూరాలే పెడుతున్నానని ఊరంతా అనుకుంటోందా?” అని రొట్టె ముట్టకుండా లేచారు. అత్తగారు మాత్రం, “ఎవరు చదివితేనేంరా, చదివింది ఫాతిహా. పిల్లని నెలనెలా పంపాల్సిందే” అని తేల్చేశారు. కాబట్టి మీ మూడో గుంపు ఇక నెలనెలా తియూత్ రావాలి. మన్నించండి.

మీకు రుణపడిన,
ఇజ్జా

తా.క. మీరంతా సైకిళ్లు ఎక్కుతుంటే అమ్మకి నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అమ్మ నా చేతిలో వేడి రొట్టె పెట్టి, “ఊరుకోవే. రాజీకొచ్చే పెద్దమనుషులు పొట్టి నిక్కర్లేసుకుని వస్తారా? మీ మామయ్యకైతే కళ్లు ఆనవు, నాకేమైంది? పై నెల పెందలాడే వచ్చెయ్, పిండి నువ్వే కలుపుదువుగాని” అంది.