రస్టీ బోర్‌లో ముగ్గురు

జనాభా లెక్కల కార్యాలయం వారికి,

రస్టీ బోర్ నుంచి డెల్మా ప్రూయిట్ నమస్కరించి రాస్తున్నది. ఈ ఊళ్ళో కొట్టు, పోస్టాఫీసు, పెట్రోలు బంకు అన్నీ నేనే. మీరు పంపిన మా ఊరి లెక్కల కాగితం కొట్టు తలుపుకి అంటించాను. అందులో ‘ఇంట్లో క్రొయేషియన్ భాష మాట్లాడేవారు: ముగ్గురు’ అని ఉంది.

మాకు తెలిసి అలాంటివాడు జ్వోంకో పెరిషిచ్ ఒక్కడే. ఓపల్ అనే రంగురాళ్ళు తవ్వుకునే పెద్దాయన. తనతో జోడీగా తవ్వే తన దేశంవాడు మాతె చనిపోయాక తన భాషలో పలకరించే దిక్కు లేక, సముద్రం ఒడ్డున ఏదో వృద్ధాశ్రమానికి పోదామని పెట్టె సర్దుకున్నాడు. మీ కాగితం చూసి పెట్టె విప్పేశాడు. ఆ మిగతా ఇద్దరూ ఎవరో కాస్త రాయండి.

ఇట్లు,
డెల్మా

తా.క.: పెద్దాయన గడ్డం గీసుకున్నాడు. దాని కింద ముఖం ఉందని మాకు ఇప్పుడే తెలిసింది.

*

డెల్మా ప్రూయిట్ గారికి,

మీ ఉత్తరం అందింది. ఎవరు ఏ భాష మాట్లాడతారన్నది వారి సొంత విషయం. వారి పేర్లు ఎవరికీ చెప్పకూడదని చట్టం. మన్నించగలరు.

భవదీయురాలు,
నోరిన్ ఆష్‌బి

*

నోరిన్ గారికి,

చెప్పకూడదన్నారంటే, ఉన్నారన్నమాటే కదా! జ్వోంకో పొద్దున్నే ఇంటింటి తలుపూ తట్టి ‘దోబ్రో యుత్రో’ అంటున్నాడు. వాళ్ళ భాషలో శుభోదయం. ఎవరి నోట బదులొస్తుందా అని చెవి ఒగ్గి నిలబడతాడు.

నీళ్ళ ట్యాంకరు నడిపే లెన్ మీద ఆయనకు గట్టి అనుమానం. “ఇన్నేళ్ళుగా నోరు విప్పవు. ఏం దాస్తున్నావురా?” అని నిలదీశాడు. “ఉన్న ఒక్క భాషే సరిగా రాదు బాబాయ్, రెండోది ఎక్కణ్ణుంచి దాచను?” అన్నాడు లెన్. అంత పొడుగు మాట వాడి నోట ఎవరూ వినలేదు. దాంతో అనుమానం ఇంకా ముదిరింది.

ఇట్లు,
డెల్మా

తా.క.: ఇప్పుడు ఊరంతా ఒకరినొకరు అదోలా చూసుకుంటున్నాం. నిన్న అద్దంలో నన్ను నేనే అలా చూసుకున్నాను.

*

డెల్మా గారికి,

పొరపాటు నాదే, మొదటే విడమరచాల్సింది. ఒక గడిలో ఒకరో ఇద్దరో ఉంటే ఫలానావారని పోల్చుకోకుండా, ఆ అంకెను సున్నాగానో మూడుగానో మారుస్తాం. ఆ మిగతా ఇద్దరూ లేరు. మీకు అభ్యంతరమైతే మా పై అధికారి సున్నా చేయడానికి ఒప్పుకున్నారు.

భవదీయురాలు,
నోరిన్

తా.క.: పెద్దాయనకు నెమ్మదిగా చెప్పండి. ఈ ఉత్తరం రాయడానికి నాకే మనసు రాలేదు.

*

నోరిన్ గారికి,

నెమ్మదిగానే చెప్పాను. తలుపు మీది కాగితంలో ఆ అంకె మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత, “ముగ్గురిలో ఇద్దరు ఉత్తుత్తివాళ్ళయితే, నేను అసలువాణ్ణని ఏమిటే నమ్మకం?” అన్నాడు. సున్నా సంగతి చెబితే, “అదే నయం” అని పెట్టె మళ్ళీ సర్దాడు.

బస్సు వచ్చే రోజు కొట్టు ముందు కూర్చున్నాడు. లెన్ ట్యాంకరు ఆపి దిగి, టోపీ తీసి చేతిలో నలుపుతూ “దోబ్రో యుత్రో, బాబాయ్” అన్నాడు.

జ్వోంకో తలెత్తాడు. “ఛీ! అదేం పలుకురా, మేక దగ్గినట్టు! మళ్ళీ అను.”

లెన్ మళ్ళీ అన్నాడు. నేనూ లోపల్నుంచి అందుకున్నాను.

“నీది ఇంకా దరిద్రం,” అన్నాడు నాతో. కళ్ళు తుడుచుకుంటూనే తిట్టాడు. బస్సు వచ్చి, హారన్ కొట్టి కొట్టి పోయింది. మేం ముగ్గురం ‘యుత్రో’ దగ్గరే ఉన్నాం.

ఇప్పుడు రోజూ సాయంత్రం మా ఇంట్లో పేకాట. ఆట సాగినంతసేపూ ఆయన భాషే మాట్లాడాలని షరతు. అందుచేత మీ అంకె జోలికి పోకండి. ఇప్పుడది సరిగ్గానే ఉంది.

ఇట్లు,
డెల్మా

తా.క.: ఎంత బాగా మాట్లాడతారని మీ ఫారంలో గడి ఉంటే, ఇద్దరికి ‘ఘోరంగా’ అని రాసుకోండి. తిట్లు మాత్రం శుద్ధంగా వచ్చాయి.