మెట్ల కింద పెళ్లిచూపులు

1815 అక్టోబర్ 3, మంగళవారం

మేనత్త నాకు పిల్లను చూసేసిందట. పేరు మిస్ వెంట్రిస్. సోమర్సెట్‌లో లేడీ మార్చ్‌బోర్న్ ఇంటికి విందులకు వస్తోంది, వెళ్లి ఖాయం చేసుకు రమ్మంది. గొర్రెను బేరమాడినట్టు. పద్నాలుగేళ్లకే బడి మానేసినవాడివి, పేరు ముందు ఆ సర్ లేకపోతే నీ మొహం ఎవత్తి చూస్తుందిరా అని కూడా అంది.

సరే. సర్ లేకుండానే వెళ్తాను. నా నౌకరు నెడ్ కోటు నాకు సరిపోయింది. దొరగారికి జలుబు, పెట్టెలిచ్చి నన్ను ముందు పంపారు అంటే చాలు.

అక్టోబర్ 5, మధ్యాహ్నం

ఇంకా నవ్వాగడం లేదు. చుట్టంగా వచ్చిన దొర తాలూకు నౌకరును మెట్ల కింద, నౌకర్ల భోజనాల గదిలో, ఆ దొర పేరుతోనే పిలుస్తారట! దొర హోదాను బట్టే కుర్చీ. నెడ్ వెధవ ఎప్పుడూ చెప్పలేదు. సర్ ఆంబ్రోస్, ఇలా పై కుర్చీలోకొచ్చి కూర్చోండి అని బట్లర్ హాస్కిన్స్ అనగానే దొరికిపోయాననుకున్నాను. వేషం మార్చుకుని వచ్చి నా పేరే మోస్తున్నాను.

పక్క కుర్చీలో మిస్ వెంట్రిస్ పనిమనిషి టాబిథా. వాళ్లమ్మగారికీ జలుబేనట, మంచం దిగలేదట. మిస్ వెంట్రిస్, మాంసం వడ్డించనా అన్నాను. ముక్క పళ్లెంలో కాక బల్లమీద వేశారేం సర్ ఆంబ్రోస్, పెళ్లిచూపులంటే అంత భయమా అంది. బల్లంతా పగలబడి నవ్వింది.

మీ అమ్మగారు ఎలాంటి మనిషని అడిగాను. మొండి ఘటం, నోరు విప్పితే ఊరు పారిపోవాలి అంది. మరి మీ దొరో? తిక్కలోడు, ఓ చోట కాలు నిలవదు అన్నాను. అబ్బో, బాగా కుదిరింది జంట అంది.

అక్టోబర్ 8

నిద్ర లేదు. మేనత్తకు ఏమని చెప్పాలి, పనిమనిషి మీద మనసు పడ్డాననా?

అక్టోబర్ 10, సాయంత్రం

నాకు బూట్లు పాలిష్ చేయడం రాదు. టాబిథాకు ఇస్త్రీ రాదు, లేసు కాల్చేసింది. దొంగల్లా నవ్వుకున్నాం.

ఎవరికీ చెప్పనిది చెప్పాను. బడి ఎందుకు మానేశానో. అంత వయసొచ్చినా పక్క తడిపేవాణ్ణి. కుర్రాళ్లు నా దుప్పటిని జెండాలా ఎగరేసి చుట్టూ పాటలు పాడారు. గోడ దూకి పారిపోయాను.

ఆమె నవ్వలేదు. మసి చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. పెళ్లి చేసుకుంటావా అన్నాను. నీ కొలువు ఊడినా చేసుకుంటాను అంది.

కొలువు ఊడినా! సర్ లేని నన్ను!

దొరనని రేపు చెప్పాలి. కోపమొస్తుందేమో.

అక్టోబర్ 11

పైన పెద్ద విందు. వడ్డించడానికి మనుషులు చాలక, వచ్చిన నౌకర్లందరినీ హాస్కిన్స్ పైకి తోలాడు. సాస్ గిన్నె పట్టుకుని వెళ్లాను. లేడీ మార్చ్‌బోర్న్ పక్కన, ఆకుపచ్చ పట్టుగౌనులో, టాబిథా.

రండి సర్ ఆంబ్రోస్, మీ మొహాన మీ అమ్మ ముక్కు నేను గుర్తుపట్టననుకున్నారా అని లేడీ మార్చ్‌బోర్న్ చప్పట్లు కొట్టింది. మీరు బండి దిగుతుంటే కిటికీలోంచి చూశాను, అప్పుడే మా మిస్ వెంట్రిస్‌కు పనిమనిషి టోపీ నేనే పెట్టాను అంది. అందరూ నవ్వారు. అంతటితో ఆగితే నేనూ నవ్వేవాణ్ణి. ఎర్రకోటు కెప్టెన్ ఒకడు, ఆయన పక్కమీద మంచి దుప్పట్లు వేయించకండి అమ్మా అన్నాడు.

గిన్నె బల్లమీద పెట్టి దిగొచ్చేశాను.

అంటే నేనెవరో ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు. కొలువు ఊడదనీ తెలుసు.

అక్టోబర్ 12

టాబిథా నా గది గుమ్మం దగ్గర నిలబడింది. దుప్పటి సంగతి లేడీ మార్చ్‌బోర్న్ ఒక్కదానికే చెప్పానంది, ఏడుస్తూ చెప్పానంది, కెప్టెన్ దాకా పాకుతుందనుకోలేదంది. మీరూ అబద్ధమాడారు కదా అంది.

నా కోటు అబద్ధం, దుప్పటి నిజం అన్నాను.

నేనిచ్చిన మాటా నిజమే అంది.

పెళ్లి మాట మగవాడు వెనక్కి తీసుకుంటే లోకం ఉమ్మేస్తుంది. ఆ హక్కు ఆడదానిదే. ఆ మాట నుంచి నన్ను వదిలెయ్యమని అడిగాను. చచ్చినా వదలనంది. మొహం మీదే తలుపేశాను.

అక్టోబర్ 13

మళ్లీ అడిగాను. వదలనంది. భోజనాల దగ్గర ఉప్పు అందించింది. తీసుకోలేదు.

అక్టోబర్ 14

ఇవాళా అడిగాను. సరే, వదిలేశాను, వెళ్లండి అంది.

చచ్చినా వదలనన్న మనిషి ఇంత తొందరగా అనేస్తుందనుకోలేదు. మోసగత్తె.