ఉతకని బొంత

రుక్మిణీ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. అన్నం మాడినా నాకు తెలియడం లేదని మా చెల్లెలు సుమన్ నాందేడ్‌లో డాక్టరుకు చూపించింది. కళ్లు మూయించి, తేడా తెలియడానికి నాతోపాటు సుమన్‌కూ సీసాలు వాసన చూపించారు. మోంఢా మార్కెట్‌లో బతుకంతా మసాలాలు అమ్మినవాణ్ణి, లవంగాన్ని కూడా పోల్చలేకపోయాను. సుమన్ అన్నీ చెప్పింది. ఈ వయసులో మగవాళ్లకంటే ఆడవాళ్ల ముక్కే నయమన్నాడు డాక్టరు. మన దుకాణంలో బస్తాలు వాసన చూసి ఎంచింది నువ్వే కదా.

ఇంటికొచ్చాక సుమన్ నీ పాత చీరల బొంతను ఉతకడానికి తీసింది. ముక్కుకు ఆనించుకుని ఆగిపోయింది.

"అన్నా, గిది నేను ఉతుక. వదినె వాసన ఇంక ఉన్నది గిండ్ల."

మడిచి నా చేతిలో పెట్టింది. నేనూ వాసన చూశాను. నాకేమీ తెలియలేదు. దాని మాట నమ్మి, కప్పుకుని పడుకున్నాను.